ముద్ర కింద నా సంతకం

మా అత్తమ్మ మీద దావా వెయ్యాలని నాకు చాలా రోజులుగా ఉంది. నేరాలు ఒకటా రెండా? కోడలు పారాలీగల్ శిక్షణలో చేరిందని చెప్పవలసింది పోయి, "మా కోడలు లాయరైంది" అని వికారాబాద్‌లో మా వీధి వీధంతా చాటింది. పాలప్యాకెట్ల దుకాణం ముందు నిలబడి పక్కింటివాళ్ల మోరీ తగాదాకు తీర్పు చెప్పి, ఆ తీర్పు నాదేనని ఒట్టు వేసింది. ఈమధ్య ఎవరో ఇంకా ఎన్నాళ్లు ఈ చదువు అని అడిగితే, "మూడు నెలలాగుండ్రి, జడ్జి అయితది" అని నాకు ప్రమోషన్ కూడా ఇచ్చేసింది. సాక్షులకు కొదవ లేదు. కానీ ఈ దావా ఏ కోర్టులోనూ నిలవదు. రోజూ పొద్దున నా టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చేది ఆ ముద్దాయే.

గురువారం పొద్దున మాత్రం ఆవిడ అన్నిటికంటే పెద్ద నేరం చేసింది. డబ్బా ఇస్తూ నా మొహంలోకి చూసింది.

"ఏం తప్పు జేసినవ్?"

"ఏం లేదత్తమ్మా. తలనొస్తున్నది."

"తల నొస్తే మనిషి కండ్లు మూస్తడు. నువ్వు కండ్లు దించుతున్నవ్."

రైలు టైమైందని బయటపడ్డాను. మా ఆయన బాల్‌రాజ్ స్కూటర్ మీద స్టేషన్ దాకా దింపాడు. దారి పొడుగునా చెబుదామని నోరు తెరవడం, మూయడం. స్టేషన్ రాగానే ఆయన "సాయంత్రం వచ్చేటప్పుడు పచ్చిమిరపకాయలు" అన్నాడు. నేను "సరే" అన్నాను. ఇరవై రెండేళ్ల కాపురంలో ఇంత పెద్ద రహస్యాన్ని ఇంత చిన్న మాటతో దాచడం అదే మొదటిసారి.

నేను కళ్లు ఎందుకు దించానో పోయిన వారం చదివినవాళ్లకు తెలుసు. చదువుతూ చదువుతూ పొయ్యి మీది పాలకోసం లేచి, మళ్లీ ఈ పేజీకి రానివాళ్ల కోసం నాలుగు మాటలు.

ఎప్పుడో బీకాం చదివి, డిగ్రీ కాగితాన్ని పట్టుచీరల కింద దాచుకున్న మనిషిని నేను. మా అమ్మాయి హాసిని ఇంజనీరింగ్‌కని హైదరాబాద్ హాస్టల్‌కు పోయాక, దూరవిద్యలో పారాలీగల్ డిప్లొమాకు, అంటే వకీళ్ల దగ్గర కాగితాల పని చూసే చదువుకు, కట్టాను. అందులో ఆరు నెలలు ఒక వకీలు ఆఫీసులో పని నేర్చుకోవాలి. వికారాబాద్‌లో వద్దన్నాడు మా ఆయన. "మనూరోళ్ల గుట్టులన్ని నీకు తెలుస్తయి. ఇగ ఎవరన్న మన దుకాణంల విత్తనాలు కొంటరా?" అన్నాడు. అట్లా తాండూరులో, కందిపప్పు దుకాణం మీది అంతస్తులో ఉన్న మహిధర్ సార్ ఆఫీసులో చేరాను. సార్ వకీలు. నాకు పని నేర్పిన గురువు మాత్రం గుమాస్తా పాండురంగం. ముప్పై ఏళ్ల అనుభవం. కాగితాల కట్టను ఎట్లా కుట్టాలి, వాయిదాల పట్టికలో మన కేసు ఎక్కడుందో ఎట్లా వెతకాలి, కోర్టు గుమాస్తా తల ఎత్తి చూడాలంటే బల్లకు ఏ పక్క నిలబడాలి, అన్నీ ఆయనే నేర్పాడు.

ఇక బుగ్గమ్మ. కాగ్నా వాగు అవతలి ఊరు. గొర్రెలు మేపుకొని బతికే మనిషి, అరవై దాటింది. ఆమెకు రెండెకరాల గడ్డి భూమి ఉంది. గడ్డి కింద ఇళ్లలో పరిచే నీలిబండ ఉంది. పక్కన దేవప్ప అనే ఆయన గని ఉంది. గని హద్దు దాటింది. ఆమె కోర్టుకు వచ్చింది. దావా తేలేదాకా ఆ భూమిలో యంత్రం పెట్టవద్దని కోర్టు స్టే ఇచ్చింది. మా ఆఫీసు గెలిపించిన మొదటి మెట్టు అది. ఆ రోజు నేను పేడాలు కూడా పంచాను.

పోయిన మంగళవారం వేరే కేసు నకలు కోసం కోర్టుకు వెళ్తే, బుగ్గమ్మ ఫైలులో అన్నిటికంటే పైన ఒక మెమో కనిపించింది. "ప్రతివాదితో రాజీ కుదిరినందున నా దావాను వాపసు తీసుకొనుచున్నాను" అని ఉంది. దాని కింద ఆమె ఎడమ బొటనవేలి ముద్ర. ముద్ర కింద ఒక వాక్యం. "పై విషయమును వాదికి చదివి వినిపించగా, అర్థమైనదని ఒప్పుకొని నా ఎదుట వేలిముద్ర వేసినది." ఆ వాక్యం కింద ఒక సంతకం.

నాది.

ఎవరో దొంగ సంతకం పెట్టి ఉంటే హాయిగా ఏడ్చేదాన్ని. అది అచ్చంగా నేను పెట్టిందే.

ఆఫీసులో చేరిన రెండో వారం సంగతి. ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. దాని పేరు ముద్ర కాగితాలు. దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు బస్సు దొరకదు, వాన పడితే వాగు దాటలేరు, ఫోను మోగినా ఎత్తేవాళ్లుండరు. అర్జెంటుగా ఒక దరఖాస్తు వెయ్యాల్సి వస్తే ఆ మనిషిని ఎక్కడినుంచి పట్టుకొస్తాం? అందుకని వచ్చినప్పుడే ఖాళీ కాగితాల కింద ముద్రలు వేయించి బీరువాలో పెట్టుకుంటారు. ఆ రోజు ముద్రలు వేసి వెళ్లినవాళ్ల కాగితాలు పదకొండు ఉన్నాయి. అందులో ఒకటి బుగ్గమ్మది. "మేడం, మీ చేతిరాత ముత్యాల లెక్క ఉంటది. కింద గీ ఒక్క లైను రాసి సంతకం పెట్టుండ్రి, పనైపోతది" అన్నాడు పాండురంగం. రాశాను. తప్పులు పోతాయేమోనని రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా. అంతకుముందు నా సంతకం అడిగింది హాసిని స్కూలువాళ్లు, గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడు. ఒక వకీలు ఆఫీసు అడిగితే, పైన ఏముందో చూసే తీరిక ఎవరికుంటుంది?

పైన ఏమీ లేదు. తెల్లగా ఉంది.

గురువారం ఆ మెమో మీద వాయిదా. బుగ్గమ్మకు ఆ రోజు వాయిదా లేదని ఆఫీసు నుంచి కబురు పోయిందట. ఆ సంగతి రైలు ఎక్కేముందు ఫోన్ చేస్తే ఆమె కోడలు నాగరాణి చెప్పింది. "వాయిదా ఉన్నది. మీ అత్తను తీస్కొని పదింటికల్లా ఆఫీసుకు రా. ఎవలు ఫోన్ జేసినా ఎత్తకు" అన్నాను. "ఏమైందక్కా?" అంది. "వచ్చినంక చెప్త" అన్నాను. రైలు ధారూర్ దాటింది. ఏం చెప్పాలో అప్పటికీ తెలియలేదు.

ఆఫీసులో పాండురంగం ఒక్కడే ఉన్నాడు. ఆ రోజు వాయిదాల కట్టలకు తెల్ల నాడాలు కడుతున్నాడు.

"రాండ్రి మేడం. ఇయ్యాల జల్ది వచ్చిన్రు. చాయ్ చెప్పన్నా?"

"బుగ్గమ్మ ఫైల్ల ఒక మెమో ఉన్నది."

"ఉంటది. నేనే ఏసిన."

తడబడతాడనుకున్నాను. కనీసం ఒక అబద్ధమైనా చెబుతాడనుకున్నాను. మనిషి అబద్ధం చెప్పాడంటే మనకు భయపడుతున్నట్టు. ఆయనకు ఆ అవసరం రాలేదు. నాడా ముడి వేసి, కట్టను పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకున్నాడు.

"ఆమె కేసు వాపసు తీసుకుంట అన్లేదు పాండురంగం సార్."

"అన్నదనే గద మీరు రాసిన్రు."

"మీరు రాయమన్నరు! ఖాళీ కాగితం మీద రాయించిన్రు!"

"రాయించిన. మీరు రాసిన్రు. మీరు బీకాం. నేను పదోతరగతి ఫేల్. ఎవలు ఎవల్ని మోసం జేసిన్రంటే అడిగినోళ్లు ఏమనుకుంటరు మేడం?" ఆయన గొంతులో కోపం లేదు. కుట్టడం రానప్పుడు సూది పట్టుకోవడం చూపించిన గొంతే. "నేను మిమ్మల్ని బెదిరిస్తలేను. నేర్పిస్తున్న. గీ పాఠం మీ పుస్తకాలల్ల ఉండదు."

"ఆ భూమి పోతే ఆమెకు ఇంకేమున్నది?"

"గొర్రె యాడన్న మేస్తది. రాయి యాడన్న దొరుకుతదా?"

"స్టే పోయిన తెల్లారే దేవప్ప యంత్రం దింపుతడు."

"తెల్లారే దాక ఎందుకు, యంత్రం ఆల్రెడీ హద్దుమీదనే నిలబడి ఉన్నది. డ్రైవర్ బీడీ తాగుకుంట కూసున్నడు." ఆయన లేచి బీరువా తెరిచాడు. అడుగు అరలోంచి ఒక పలుచని అట్ట ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. "ముప్పై ఏండ్ల సంది గీ కాగితాలతోని ఎంతమంది వాయిదాలు కాపాడిన్నో మీకు తెల్వదు. వాగు పొంగి రాలేకపోయినోళ్లు, దవాఖానల పడ్డోళ్లు. అందరు దండం పెట్టిన్రు. ఒక్కటి ఇట్ల పోయింది. ఒక్కటి."

అట్ట తెరిచాడు. పది కాగితాలు. కింద పది నీలి ముద్రలు, ఒక్కో ముద్ర కింద నా ముత్యాల చేతిరాత. పైన పదీ తెల్లగా ఉన్నాయి.

"తెల్ల కాగితం మీద మంచి రాయొచ్చు, చెడ్డ రాయొచ్చు. రాసేటోని మనసు ఎట్లుంటదో మనం జెప్పలేం. మీరు ఇయ్యాల కోర్టుల నోరు తెరిస్తే నా మనసు ఎట్లుంటదో నాకే తెల్వదు."

"సార్‌కు తెల్సా?"

"సార్‌కు తెల్వకుంట గీ ఆఫీసుల సున్నం గూడ రాలదు." అట్టను మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకొని మళ్లీ నాడా అందుకున్నాడు. "అన్నట్టు, నిన్న దేవప్ప ఫోన్ జేసిండు. మీ ఆయన విత్తనాల దుకాణం యాడున్నదని అడిగిండు. బస్టాండ్ దిక్కే గదా? మంచి దుకాణమేనట."

కింద పప్పు దుకాణంలో ఎవరో బస్తా దించారు. నేల అదిరింది.

అప్పుడు మెట్ల మీద కర్ర చప్పుడైంది.

ముందు గొంగడి, దాని వెనక బుగ్గమ్మ, ఆమె వెనక నాగరాణి. ఎండలో నడిచి వచ్చి ఇద్దరూ ఆయాసపడుతున్నారు. పాండురంగం చేతిలోని నాడా ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను. నేను చూశానని ఆయనా చూశాడు.

"ఏమ్మో బుగ్గమ్మా! ఇయ్యాల వాయిదా లేదంటిని గదా?"

"నువ్వు లేదంటివి, గీ బిడ్డ ఉన్నదన్నది." బుగ్గమ్మ నేల మీద కూర్చొని కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ మాట కన్న నాకు ఆమె మాటనే ఎక్కువ. చదువుకున్న పిల్ల."

"అట్లనా?" పాండురంగం నవ్వాడు. కట్టలన్నీ చంకలో పెట్టుకున్నాడు. "ఐతే నడువుండ్రి. కోర్టులనే సూద్దాం, ఆమె మాట ఎంత ఎక్కువో."

ఆయన ముందు వెళ్లిపోయాడు. మేము ముగ్గురం బండల లారీల పక్కనుంచి నడిచాం. తాండూరులో ఎండ కూడా బూడిద రంగులోనే ఉంటుంది. బండల పాలిషింగు దుమ్ము చెట్లమీద, దుకాణాలమీద, మనుషుల కనుబొమ్మలమీద పడుతుంది.

"ఏమైంది బిడ్డా?" అంది బుగ్గమ్మ.

"నువ్వు కేసు వాపసు తీసుకుంటున్నవని ఒక కాగితం పెట్టిన్రు అవ్వా. జడ్జమ్మ అడిగితే, లేదు, తీసుకుంటలేనని చెప్పు. గంతే."

"నేనెందుకు తీసుకుంట? నా ముద్ర లేకుంట ఎట్ల పెట్టిన్రు?"

"ముద్ర ఉన్నది. అప్పుడు ఖాళీ కాగితం మీద ఏసినవ్ గదా, అది."

నాగరాణి ఆగింది. తొమ్మిదో తరగతి దాకా చదివిన పిల్ల. "ఉత్త ముద్రకు కోర్టు ఒప్పుకుంటదా అక్కా? కింద ఇంకెవలన్న సంతకం పెట్టాలె గదా? ఎవలు పెట్టిన్రు?"

అప్పుడే ఒక లారీ హారన్ కొట్టింది. నాకు వినబడనట్టు నటించడానికి అది చాలింది. నాగరాణి నా మొహంలోకి చూసి, మళ్లీ నడక మొదలుపెట్టింది.

బుగ్గమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుంది. "నువ్వున్నవ్ గదా, నాకేం ఫికర్? మంద కాడ కుక్క మెలకువతో ఉంటే నేను కాళ్లు చాపి పండుకుంట."

నా జీవితంలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు, ఎక్కువగా పప్పుచారు విషయంలో. ఇంత బరువైన మెచ్చుకోలు ఎవరూ ఇవ్వలేదు.

కోర్టు హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి కింద దాకా రావడం లేదు. దేవప్ప ముందు వరుసలో, తెల్ల చొక్కాలో, ఒడిలో చేతులు పెట్టుకొని పెళ్లికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. మా మహిధర్ సార్ రాలేదు. ఆయన సంతకం మాత్రం మెమో మీద ఉంది. పాండురంగం తలుపు పక్కన గోడకు ఆనుకొని నిలబడ్డాడు. బుగ్గమ్మ పేరు పిలిచారు.

జడ్జి మేడం చిన్న వయసు మనిషి. మెమో చదివింది. "వాది వచ్చారా?"

బుగ్గమ్మ కర్ర నాగరాణి చేతికిచ్చి ముందుకు వెళ్లింది.

"మీ కేసు వాపసు తీసుకుంటున్నారా అమ్మా?"

"లేదమ్మా. నేనెందుకు తీసుకుంట? నా భూమి అది."

దేవప్ప వకీలు అప్పటికే లేచాడు. "మేడం, రాజీ అయింది. ముట్టవలసింది ముట్టింది. ఇప్పుడు ఎవరో నేర్పిస్తే మాట మారుస్తున్నది. ముద్ర ఆమెదే. చదివి వినిపించినట్టు సాక్షి సంతకం కూడా ఉంది. సాక్షి గ్రాడ్యుయేటు, పైగా వాది తరఫు ఆఫీసు మనిషే. మేం తెచ్చిన మనిషి కాదు."

జడ్జి మేడం కాగితాన్ని బుగ్గమ్మ వైపు తిప్పింది. "ఈ ముద్ర మీదేనా?"

"నాదే అయ్యుంటదమ్మా. మస్తు కాగితాల మీద ఏసిన."

"ఇక్కడ మనోరమ అని సంతకం ఉంది. ఈ మనోరమ మీకు ఇది చదివి వినిపించిందా?"

బుగ్గమ్మ వెనక్కి తిరిగింది. హాలంతా వెతికి, చివరి బల్ల దగ్గర నన్ను పట్టుకుంది. ఏదో అర్థమైనట్టు ఆ మొహం ఒక్కసారి మారింది. ఆ సంతకం ఎవరిదో తెలిసింది. నేను ఇప్పుడే నిజం చెప్పాలి, ఆమె నోరు తెరవకముందే. లేవబోయాను. మళ్లీ కూర్చున్నాను.

బుగ్గమ్మ మళ్లీ జడ్జి మేడం వైపు తిరిగింది. నా పరువు తీసేవాళ్లు ఎవరో ఆమెకు తెలియదు. తీస్తున్నారని మాత్రం తెలిసింది. మందలో ఒకదాన్ని ఎవరైనా పట్టుకుంటే ఎట్లా అడ్డం నిలబడుతుందో అట్లా నిలబడింది.

"వినిపించిందమ్మా. ఆ బిడ్డ మంచిది. మంచిగ చదువుతది. ఆమెనేం అనకుండ్రి."

హాలులో ఎవరో చిన్నగా నవ్వారు. దేవప్ప వకీలు కూర్చున్నాడు. ఇక ఆయన మాట్లాడవలసింది ఏమీ మిగల్లేదు. బుగ్గమ్మ తన రెండెకరాలూ నా మీద కప్పేసింది, గొంగడి కప్పినట్టు.

జడ్జి మేడం పెన్ను తీసుకుంది.

నాగరాణి నా దిక్కే చూస్తోంది. ఆ చూపులో తిట్టు లేదు, బతిమాలుకోవడం లేదు. ఏం చేస్తుందో చూద్దామన్నట్టు ఉంది.

అప్పుడు లేచాను. కుర్చీ గీసుకున్న చప్పుడుకు తలలన్నీ తిరిగాయి. తలుపు దగ్గర పాండురంగం కూడా గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు. వద్దన్నట్టు తల ఊపాడు, ఒక్కసారే, చాలా మెల్లగా. నేను ముందుకు ఒక అడుగు వేశాను. ఆయన జేబులో చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి, తలుపు తీసుకొని బయటికి వెళ్లిపోయాడు. పరుగెత్తలేదు. ఆఫీసు అయిదు నిమిషాల దూరం. అక్కడ బీరువా ఉంది. ఆ పదిమందిలో ఒక్కరి పేరు కూడా నాకు గుర్తులేదు.

"ఎవరు మీరు?" అంది జడ్జి మేడం.

"మనోరమ, మేడం. ఆ సంతకం నాది."

"వాదికి ఇది చదివి వినిపించారా లేదా?"

దేవప్ప మొదటిసారి నా వైపు తిరిగి చూశాడు. బుగ్గమ్మ చెయ్యి ఊపుతోంది, కూర్చో బిడ్డా, నేను చెప్పిన గదా, అన్నట్టు.

"ఆమె నా కోసం అబద్ధం చెప్తున్నది మేడం. నేనేమీ చదివి వినిపియ్యలేదు. నేను సంతకం పెట్టిన రోజు ఆ కాగితం మీద చదవనీకి ఒక్క అక్షరం లేదు. తెల్సే పెట్టిన. తప్పు నాది."